చుక్క తొణకని జీపు

నార్కట్‌పల్లి చౌరస్త కాడ ఖుద్దూస్ మిస్త్రీ ముచ్చట మొదలువెడితె విజయవాడ పొయ్యే లారీలు గూడ ఆగుతయని ఆయనే చెప్పుకుంటడు. ఆగే మాట నిజమే. నర్సింగమ్మ చాయ్ కోసం ఆగుతయి. లారీల కింద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, గవే కమాన్లు, బాగుచేసే మిస్త్రీ షెడ్డు, నర్సింగమ్మ చాయ్ డబ్బ పక్కపక్కపొంటి ఉంటయి గనుక ఏ లారీ ఎవరి కోసం ఆగిందో గీత గీసి చెప్పేటోడు లేడు. గా సందుల మిస్త్రీ పరువు బతికిపోతాంది.

ఆ దినం షెడ్డు ముంగట పడేసిన పాత లారీ టైరు మీద మిస్త్రీ భార్య అజీజా బేగం కూసున్నది. ఒళ్లె సంచి ఉంది. సంచిల ఒక దుప్పటి, మిస్త్రీ లుంగీ, పల్లెం, గలాస, తొవ్వల తినటానికి ఇన్ని అటుకులు. రోడ్డు పక్కన కంటి క్యాంపు బండి నిలవడ్డది. నల్లగొండ బడిల కండ్ల డాక్టర్లు దిగిండ్రు, కండ్లల్ల పొర వచ్చినోళ్లకు పైసలు తీసుకోకుంట ఊకెనే ఆపరేషన్ చేస్తరు, ఊరూరు తిరిగి ముసలోళ్లను బండే ఎక్కించుకపోతది. యాడాదికి ఒక్కతాప వస్తది. పోయినేడు గిట్లనే వచ్చింది, గిట్లనే అజీజా సంచి కట్టుకొని గీ టైరు మీదనే కూసున్నది. మిస్త్రీ డ్రైవర్ను బల్ల మీద కూసోవెట్టి ఒక ముచ్చట ఎత్తుకున్నడు. ముచ్చట ఒడిసేలోపల డ్రైవర్కు యాళ్లయి బండి ఎల్లిపోయింది. అయ్యో పోయిందా, సరేతియ్, వచ్చేయేడు చూద్దం అన్నడు మిస్త్రీ.

గా వచ్చేయేడు గిదే. గీ నడుమల మిస్త్రీ కుడికన్నుల పొర ముదిరి తెల్లగైంది, ఎడమ కన్నుల గూడ మొదలైంది. షెడ్డుల పని నడిచేటప్పుడు అజీజా పక్కన కూసొని పానలందిస్తది. అందిస్తున్నట్టే ఉంటది గని, ఇంట్ల మాట్లాడే ఉర్దూల మెల్లగ చెప్తనే ఉంటది: బోల్టు జర ఎడమకుంది, రెండో పట్టీ మీద చీలిక ఉంది, సుత్తె ఇప్పుడే కొట్టకు నా చెయ్యుంది. బయటోళ్లకు మొగుడు పెండ్లాల ముచ్చట లెక్క ఇనవడ్తది. చేతులు ఆయనయి, చూపు ఆమెది. యాడాది సంది గిట్లనే నడిపిస్తాంది. పొద్దుగూకేసరికి ఆమెకు మెడలు గుంజుతయి, కండ్లు మండుతయి. రేపు మల్ల లేశి ఇద్దరి చూపు తనొక్కతే చూడాలని తల్సుకుంటె పాణం ఉసూరుమంటది.

ఆయన భయం ఆమెకు ఎర్క లేంది కాదు. కంటికి కత్తి తాకుతదన్న భయం ఒకటి. అంతకన్న పెద్ద భయం ఇంకోటి ఉంది. మిస్త్రీకి కండ్లు కనవడ్తలేవని ఒక్క నోటికి తెలిస్తె చాలు, నిండ లోడు మీదున్న బండిని ఏ డ్రైవర్ తెచ్చి ఆయన చేతుల వెడ్తడు. క్యాంపు బండి ఎక్కుడంటె చౌరస్తల నిలవడి నాకు కనవడ్తలేదని చెప్పుడే అనుకున్నడు ఆయన. అజీజా కొట్లాడింది, బతిమాలింది, రెండు దినాలు మాట్లాడకుంట ఉన్నది. ఆఖరికి చూద్దంతియ్ అన్నడు. చూద్దంతియ్ అన్న మాట పోయినేడు గూడ అన్నడు.

బల్ల మీద క్యాంపు బండి డ్రైవర్ జానయ్య కూసొని చాయ్ తాగుతాండు, పోయినేడు వచ్చింది గూడ ఈయనే. నెమ్మదస్తుడు, పొద్దు వాలకముందే నల్లగొండల ఉండాలని ఒకటే ఫికర్. ఆయన పక్కన ఐలేశం. దేవరకొండ దిక్కు గొర్లకాపరి, అంగట్ల జీవాలమ్మి ఊరి బస్సు కోసం చూస్తాండు, అంగడి దినమల్ల గీ బల్ల మీదికే వస్తడు. బండి కిటికీలకెళ్లి ముసలోళ్లు తలకాయలు బయటవెట్టి చౌరస్త దిక్కు చూస్తున్నరు, ఏం కనవడ్తాందో వాళ్లకే తెల్వాలె.

ఇగ జీపు సంగతి. కువైట్ లడాయి సల్లవడ్డంక దుబాయ్‌కెళ్లి వచ్చిన కరీం తన బిడ్డకు తెచ్చిన బొమ్మ జీపు అది. పిల్లి అంత ఉంటది. టైర్లేమో జీపు కన్న పెద్దగ కొడ్తయి. చేతుల రిమోట్ డబ్బ పట్టుకొని, దాని ఏరియల్ పుల్ల గుంజి మీట వొత్తితె, నడుమ తీగ లేకుంటనే ఉరుకుతది. రాళ్లెక్కుతున్నట్టు అట్టడబ్బ మీద బొమ్మ ఉంది గని, నార్కట్‌పల్లి రాళ్ల మీదికి వచ్చేసరికి పక్కకు ఒరిగి పడ్తాంది. కరీం తెచ్చి మిస్త్రీ ముంగట వెట్టిండు.

మిస్త్రీ పుట్టి బుద్ధెరిగిన సంది చేసింది ఒక్కటే పని. బండి ఒరిగిందంటె కమాన్ కట్టకు ఇంకో పట్టీ ఏసుడు. ఒరిగిన లారీ నిలవడ్తది, డ్రైవర్ సలాం కొట్టి పోతడు. జీపుకు గూడ గదే చేసిండు. పాత గడియారం స్ప్రింగును ముక్కలు కోసి, నాలుగు టైర్ల కాడ నాలుగు బుల్లి కట్టలు కట్టిండు. కట్టిండంటె, ఆయన చెప్పిండు, అజీజా కట్టింది. గా సన్న స్క్రూలు బిగిచ్చి బిగిచ్చి ఆమె చేతి ఏళ్లు కమిలినయి. అయినంక చేత్తో వొత్తి చూసి, ఇది ఇసుమంత గూడ కిందికి పోతలేదు, గట్టిగైంది గద అన్నది. గట్టిగుంటెనే దమ్ముంటది అన్నడు మిస్త్రీ.

జానయ్య చాయ్ తాగుడు ఒడిసింది. గలాస కిందవెట్టి, ఇగ లే మిస్త్రీ పోదం అన్నడు. అజీజా సంచి భుజాన ఏసుకొని లేవబోయింది.

“జర ఆగు జానయ్య,” అన్నడు మిస్త్రీ. “పోదం, ఎక్కడికి పోతది నల్లగొండ. నీ బండి సప్పుడు ఇన్న, ఎడమ దిక్కు ఒరిగి నడుస్తాంది. గీ జీపు ముచ్చట ఇని పో, నీ బండికే పనికొస్తది.”

అజీజా మల్ల టైరు మీద కూసున్నది.

మొదలు చిన్నగనే ఎత్తుకున్నడు. కరీం తెచ్చిన దినం గీ జీపు గడప గూడ దాటకపోతుండె. నేను ఒక్కసారి చేత్తో వొత్తిన, వొత్తంగనే తెల్సింది, ముందటి కాళ్లల్ల సత్తువ లేదు. ఒక పట్టీ ఏసిన, గడప దాటింది. గంతే, గిండ్ల పెద్ద ముచ్చటేం లేదు అన్నడు.

మిస్త్రీ నోట పెద్ద ముచ్చటేం లేదన్న మాట వచ్చిందంటె పొద్దు గూకుడే అని అక్కడున్నోళ్లందరికి తెల్సు. నర్సింగమ్మ పొయ్యిల ఇంకో కట్టె ఎగదోసింది.

“ఎన్క ఏమైందో ఎర్కేనా? గడప దాటింది గద, దాటి ఆగాలె. ఆగలే. ముంగట బందరు లారీ నిలవడ్డది, టైరు మీదికెక్కింది, టైరు మీదికెళ్లి బంపరు, బంపరు మీదికెళ్లి అద్దం, అద్దం తీసున్నది, లోపట డ్రైవర్ ఎల్లెల్కల పండుకొని గుర్రువెడ్తాండు. వాని కడుపు మీదికెళ్లి ఎక్కి ఛాతి మీదికెళ్లి దిగిపోయింది. వాడు లేశిండా? లెవ్వలే. కమాన్ గంత సాపుగ కట్టిన. ఈగ వాలితె లేశేటోడు, జీపెక్కితె లెవ్వలే. నర్సింగమ్మనడుగు, జీపు నెత్తి మీద నిండ చాయ్ గలాస వెట్టిన. గా గలాస తీస్కొనే ఎక్కింది, గా గలాస తీస్కొనే దిగింది. చుక్క తొణకలే.”

అందుకేనా నాకు ఒక గలాస తక్కువ వస్తాంది అన్నది నర్సింగమ్మ. వస్తది వస్తది ఆగు, గలాస ముచ్చటల్నే ఉంది అన్నడు మిస్త్రీ. జానయ్య నవ్విండు. జానయ్య నవ్వుడు అజీజాకు నచ్చలే. పోయినేడు గూడ గిట్లనే నవ్విండు, నవ్వి ఇంకో చాయ్ చెప్పిండు. నర్సింగమ్మ కెటిల్ పట్టుకొని వస్తాంటె అజీజా కండ్లతోనే వద్దని చెప్పింది. నర్సింగమ్మ ఆగింది గని, పొయ్యవేందమ్మా మన జానయ్యకు అని మిస్త్రీయే అన్నడు. పొయ్యక తప్పలే.

మిస్త్రీ కాళ్లు జాపుకొని కూసున్నడు. ఇగ లారీ తోని లాభం లేదు, దీనికి తగ్గ జాగా చూడాలె అనుకున్నడట. దేవరకొండ ఖిల్లా యాదికొచ్చిందట. ఖిల్లా కాడికి జీపును బస్సుల అంపిచ్చిండు, తను మాత్రం గీ షెడ్డులనే కూసున్నడు. ఎందుకంటె గిరాకి ఇడిసిపెట్టి పోరాదు. రిమోట్ గంత దూరం అందుతదా అని ఐలేశం అడిగిండు. అందదు, ఎవడన్న అందుతదని చెప్తె నమ్మకు, గందుకే రిమోట్ ఏరియల్‌ను షెడ్డు రేకులకు కలిపిన, రేకులు కరెంటు స్తంభానికి తాకుతయి, స్తంభాలు దేవరకొండ దాక ఉన్నయా లేవా నువ్వే చెప్పు అన్నడు మిస్త్రీ. స్తంభాలైతె ఉన్నయని ఐలేశం ఒప్పుకోవలసి వచ్చింది.

“ఉన్నయి గద. మీట వొత్తిన. మొదటి దర్వాజ దాటింది, రెండో దర్వాజ దాటింది, ఇగ ఆడికెళ్లి మెట్లు లేవు, అన్నీ గుండ్లే. ఇల్లంతంత గుండ్లు. ఒక కాలు గుండు మీద, ఒక కాలు సందుల, ఒక కాలు గాలిల, పెయ్యి మాత్రం ఇటు ఇసుమంత ఒరగలే అటు ఇసుమంత ఒరగలే. గలాసల చాయ్ మీద మీగడ కట్టింది, గా మీగడ గూడ చెదరలే.”

“నా మేకలే ఎక్కవు గా గుండ్లు,” అన్నడు ఐలేశం.

“నీ మేకలకు కమాన్లు నేను కట్టిన్నా?”

బండిలున్న ముసలోళ్లు గూడ నవ్విండ్రు. గా నవ్వుల అజీజా గూడ ఉండాల్సింది. పెండ్లైన కొత్తల ఆమె గూడ గిట్లనే నవ్వేది, గీ నోటికే పడిపోయింది ఆమె. కొల్లాపూర్ల మేనత్త ఇంట్ల సంబంధం చూసిన దినం, కృష్ణ ఒడ్డు మీద ఎద్దులబండి ఇరుసు ఇరిగితె తన భుజం పెట్టి మోసిన అని గీ మనిషి చెప్పిండు. అబద్ధమని అప్పుడే తెల్సు. అయినా మంచిగనిపించింది. ఇప్పుడు నవ్వు రాలేదు. గోడ నీడ టైరు దాటి తన కాళ్ల మీదికొచ్చింది, గా నీడనే చూసుకుంట కూసున్నది.

“ఇగ కొసకు ఎక్కింది. ఖిల్లా కొసకు ఎక్కి నిలవడ్డది. ఎట్ల తెల్సింది అంటరు గావచ్చు. ఎట్ల తెల్సుడేంది, నాకు ఈడికెళ్లి అవపడ్డది. గిదే జాగాల నిలవడి చూసిన. జీపు అవపడ్డది, గలాస అవపడ్డది, ముందటి టైరుకు ఒక తుమ్మముల్లు గుచ్చుకున్నది, గా ముల్లు గూడ అవపడ్డది.”

అజీజా కండ్లు మూసుకున్నది. పొద్దున గీ మనిషే చెంబు అనుకొని పొయ్యి మీది గిన్నె పట్టుకున్నడు, కాలిన చేతి ఏళ్లకు ఆమెనే వెన్న రాసింది.

ముచ్చట ఆగలే. ముల్లు తీసుకోవడానికి జీపు అటుదిక్కు దిగిందట, దిగి తొవ్వ తప్పిందట, తప్పి తప్పి నల్లమల అడివి అంచువట్టి కొల్లాపూర్ల తేలిందట. ఆడ మామిడి తోటలోళ్లు చూసి, ఎవరి జీపో పాపం అని నెత్తి మీద గలాస పక్కన ఒక మామిడికాయల గంప వెట్టిండ్రట. గంపతోనే కృష్ణల దిగింది. ఎండకాలం, నీళ్లు తక్కువున్నయి, రాయి మీదికెళ్లి రాయి మీదికి కాలేసుకుంట నడిచింది. నడిమిట్ల ఒక రాయి మెత్తగ తాకింది. అది రాయి కాదు, మొసలి. దాని తోక కాడ ఎక్కి మూతి కాడ దిగింది, మొసలి కన్ను తెరవలే.

“లారీ డ్రైవర్ లెక్కనే పండుకున్నదా,” అన్నది నర్సింగమ్మ.

“ఇద్దరికి ఒక్కటే కమాన్ గదమ్మా. అటు ఒడ్డు చూసింది, ఇటు మర్లింది, వచ్చిన తొవ్వనే మల్ల ఖిల్లా ఎక్కి, ఖిల్లా దిగి, రోడ్డు వట్టి వచ్చి గీ గడప ముంగట నిలవడ్డది. చాయ్ తీసి తాగిన. జర గూడ సల్లవడలే.”

మామిడికాయలేవని ఐలేశం అడిగిండు. తిన్న అన్నడు మిస్త్రీ. మరి నా గలాసేదని నర్సింగమ్మ అడిగింది. దానికి జవాబు చెప్పే లోపల జానయ్య లేశి నిలవడి చేతులు దులుపుకున్నడు.

“దేవరకొండ కొసకు ముల్లు అవపడ్డదంటె నీకు క్యాంపెందుకు మిస్త్రీ. నాకు యాళ్లయింది, నేను పోత.”

గా మాట జానయ్య పరాష్కానికే అన్నడు. గని మిస్త్రీ గదే పట్టుకున్నడు. గదే గద నేను చెప్పేది, పో జానయ్య, నా జాగాల ఎవరన్న అక్కర ఉన్నోళ్లను ఎక్కించుకో అన్నడు. అజీజా సంచి గట్టిగ పట్టుకున్నది. ఇంకో యాడాది. ఇంకో యాడాది అంటె కుడికన్నుతోని ఎడమకన్ను గూడ పోతదని ఆమెకు ఎవరూ చెప్పక్కర లేదు. తన చూపు గూడ ఈ మధ్య సూది బెజ్జం కాడ మసకవారుతాంది, అది ఆమె ఎవరికి చెప్పలే.

జానయ్య ఆమె మొఖం చూసిండో ఏమో, పొయ్యేటోడు ఆగిండు. చాయ్ డబ్బ పక్కపొంటి నేల మీదికెళ్లి మెట్లు మెట్లుగ లేశిన బండ ఒకటుంది, లారీలోళ్లు స్నానం చేసి లుంగీలు ఆరేస్తరు దాని మీద. జానయ్య గా బండ చూపెట్టిండు. దేవరకొండ వద్దు కొల్లాపూర్ వద్దు, నీ కండ్లతోని చూసుకుంట గీ బండ ఎక్కించు. ఎక్కితె నీ కండ్లు మంచిగున్నట్టే, నేను పోత, మల్ల ఏ యేడు నీ తెరువు రాను. ఎక్కకపోతె మారు మాట్లాడకుంట బండెక్కు. ఒప్పుకుంటవా అన్నడు.

ఇంతమంది ముంగట ఒప్పుకోక మిస్త్రీ ఏం చేస్తడు. ఒప్పుకున్నడు.

లేశి షెడ్డులకు పోయిండు. గా జాగాల ప్రతి అడుగు ఆయన కాళ్లకు ఎర్క, ఎక్కడ తడవడలే. జీపు తెచ్చి బండ మొదట్ల వెట్టిండు. నర్సింగమ్మా నిండ చాయ్ పొయ్యి అన్నడు, గలాస జీపు నెత్తి మీద వెట్టిపిచ్చిండు. రిమోట్ ఏరియల్ పుల్ల అజీజా గుంజి పొడుగు చేసింది. గుంజుకుంట ఉర్దూల మెల్లగ, వద్దు, పోదం పా అన్నది. ఆయన ఇననట్టే నాలుగడుగులు ఎన్కకు జరిగి, మెడ నిక్కబొడుచుకొని బండ కొస దిక్కు చూసుకుంట మీట వొత్తిండు.

గప్పుడే కంకర లారీ ఒకటి హారన్ కొట్టుకుంట పోయింది. దుమ్ము లేశింది. జీపు ముందటి టైరు మొదటి రాయి ఎక్కింది, ఎక్కంగనే గట్టి కమాన్ల మీద జీపంత ఒక దిక్కే లేశింది, మిగిలిన టైర్లు నేలనిడిసినయి, ఎల్లెల్కల పడ్డది. గలాస దొర్లి మట్టిల పడ్డది, చాయ్ మట్టి తాగింది. లారీ సప్పుడు దూరం పోయినంక ఇగ ఒక్క సప్పుడే మిగిలింది, గాలిల తిరుగుతున్న నాలుగు టైర్ల గుయ్యిమన్న సప్పుడు.

మిస్త్రీ గా సప్పుడు ఇన్నడు. మొఖం ఎలిగింది.

“చూస్తున్నరా. ఎక్కుతాంది. మొదటి మెట్టు అయింది, ఇనుండ్రి మోటరు ఎంత సాపుగ గుంజుతాందో, జర గూడ తడబడ్తలేదు. రెండో మెట్టు మీద కాలేసింది, ఏసింది, ఒరుగుతదనుకున్నరా, ఒరగదు, నాలుగు కట్టలు కట్టిన నేను, సై, ఎక్కింది. ఇగ కొస దగ్గరికొచ్చింది. గలాస చూడుండ్రి, చాయ్ చూడుండ్రి.”

ఎవ్వరూ నవ్వలే. మిస్త్రీ చూపు ఇంత మసకైందని జానయ్యకు తెల్వదు.

“ఎక్కుతాంది మిస్త్రీ,” అన్నడు ఐలేశం మెల్లగ. పరాష్కం లేదు గా గొంతుల.

నర్సింగమ్మ వంగి గలాస తీసి కొంగుతోని మట్టి తుడిచింది. “చుక్క పోలే సాబు,” అన్నది.

అజీజా ఆ ఇద్దరి దిక్కు చూసింది. ఐలేశం దూరంకెళ్లి వచ్చేటప్పుడే నేను ఐలేశాన్ని వస్తున్న అని ఎందుకు మొత్తుకుంటడో, నర్సింగమ్మ అందరికి గలాస బల్ల మీద వెట్టి మిస్త్రీకి మాత్రం చేతి ఏళ్ల నడుమ ఎందుకు వెడ్తదో అప్పుడు సమజైంది. వీళ్లందరికి తెల్సు. ఎప్పటి సందో తెల్సు. యాడాది పొడుగున తను ఎవరి నుంచి దాచిపెట్టింది మరి, గా మెల్లగ చెప్పుడు ఎవరి కోసం. కోపం రాలే. నెత్తి మీది మూట ఎవరో దించినట్టయి కండ్లల్ల నీళ్లు మాత్రం వచ్చినయి.

చూసినవు గద జానయ్య, ఇగ నువ్వు పో అంటాండు మిస్త్రీ. బొటనేలు మీట మీదనే ఉంది. టైర్లు తిరుగుతనే ఉన్నయి.

జానయ్య అజీజా దిక్కు చూసిండు. అజీజా లేశి నిలవడ్డది. ఇంట్ల అయితె ఉర్దూల చెప్పేది. ఇప్పుడు అందరికి ఇనవడాలని తెలుగుల చెప్పింది.

“జీపు ఎక్కలే. మొదటి రాయి కాడనే ఎల్లెల్కల పడ్డది. చాయ్ మట్టిపాలైంది. నీకు అవపడ్తలేదు.”

“వీళ్లంత ఎక్కిందంటున్నరు గద,” అన్నడు మిస్త్రీ.

“వీళ్లకు నువ్వంటె పాణం, గందుకంటున్నరు. నాకు గూడ పాణమే. గందుకే ఇగ నాతోని కాదు. అలిసిపోయిన నేను.”

మిస్త్రీ బొటనేలు మీట మీదికెళ్లి తీసిండు. టైర్ల సప్పుడు ఆగింది. ఎన్క ఐలేశం గొంతు వచ్చిన దిక్కు మొఖం తిప్పి, నీకెప్పటి సంది ఎర్క అని అడిగిండు. ఐలేశం గొంగడి సర్దుకున్నడు. పోయిన జాతరప్పుడు నా మేకపోతు వీపు నిమిరి గొర్రె మంచిగుంది అన్నవు మిస్త్రీ, గప్పటి సంది అన్నడు. ఆ మాటకు మిస్త్రీ మూతి జర కదిలింది.

“డ్రైవర్లకు గూడ తెల్సా?”

గా మాట ఎంత మెల్లగ అడిగిండంటె నర్సింగమ్మ దగ్గరికొచ్చి ఇనవలసి వచ్చింది. తెల్సు సాబు అన్నది ఆమె. తెల్సే వస్తున్నరు, మిస్త్రీ చెయ్యి వేసి అజీజమ్మ చూసిన కమాన్ మల్ల ఇరగదని నా బల్ల మీదనే కూసొని చెప్పుకుంటరు అన్నది.

మిస్త్రీ ముంగటికి నడిచి బండ మొదట్ల వంగిండు. తడిమి తడిమి జీపును పట్టుకున్నడు, తిప్పి నిలవెట్టిండు, నెత్తి మీద అరచెయ్యి వెట్టి వొత్తిండు. అది ఇసుమంత గూడ దిగలే. ఇంకోసారి వొత్తిండు.

“గట్టిగైంది,” అన్నడు. జీపును నర్సింగమ్మకిచ్చి, నేను వచ్చేదాక దీన్ని ఎవ్వరూ ముట్టొద్దు, కరీం వచ్చినా ఇయ్యొద్దు అన్నడు.

బండి మెట్టు ఎత్తుగుంటది. మిస్త్రీ కాలుతోని మెట్టు ఎతుకుతాంటె అజీజా చెయ్యి పట్టి, ఇంకా పైన అన్నది. గీ తాప మెల్లగ అనలే. ఎక్కినంక కిటికీ పక్కన బాలనర్సమ్మ అని చిట్యాల ముసలామె జరిగి జాగా ఇచ్చింది. ఆమెకు రెండు కండ్లు పొరలే, ఇందాకటి సంది ముచ్చటంత చెవులతోనే చూసింది.

“ఎక్కిందా బిడ్డా జీపు? నాకు అవపడలే,” అని అడిగింది.

“లేదవ్వా, ఎక్కలే,” అన్నడు ఖుద్దూస్ మిస్త్రీ. “నాకూ అవపడలే. కట్టకు నాలుగు పట్టీలేసిన, దానికి ఎక్కువైనయి. లారీ కాదు గద అది. వచ్చినంక రెండేసి ఇప్పుత.”

జానయ్య బండి చాలు చేసిండు. ఎడమ దిక్కు ఒరుక్కుంటనే బండి నల్లగొండ రోడ్డెక్కింది. ముసలామె ఊకుండలేక మల్ల అడిగింది.

“మరి దేవరకొండ?”

“దేవరకొండ ఎక్కింది,” అన్నడు మిస్త్రీ. “అప్పుడు ఒక్కటే పట్టీ ఉండె. ఎట్లెక్కిందో చెప్త ఇను.”

ఎన్క సీట్ల కూసున్న అజీజా సంచి ఒళ్లె పెట్టుకొని తల కిటికీకి ఆనించింది. ఎంతసేపన్న చెప్పుకోనియ్ అనుకున్నది, బండి కదిలింది గద.